అరకు రావాలంటే దసరా దాటాక, దీపావళి లోపు రండి

సంపాదకుల వారికి నమస్కారం,

మాది శృంగవరపుకోట. అందరూ ఎస్.కోట అంటారు. వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద పోయేవాళ్ళకి ఘాట్ ఎక్కే ముందు వచ్చే ఆఖరి పెద్ద ఊరు మాదే, అందుకని కొండెక్కే కార్లూ బస్సులూ బైకులూ అన్నీ మా కళ్ళ ముందు నుంచే పోతాయి. వాటిని చూస్తూ చాలా కాలంగా అనుకుంటున్న మాట ఇన్నాళ్ళకి రాస్తున్నాను. అరకు చూడాలని ఉన్నవాళ్ళు దయచేసి దసరా హడావిడి అయిపోయాక, దీపావళి ఇంకా రాకముందు, ఆ ఇరవై రోజుల్లో రండి. అది కూడా శని ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో రండి.

ఎందుకంటే దీపావళి వెళ్ళిందంటే కార్తీకమాసం, ఇంక వనభోజనాల బస్సులు మొదలు. తర్వాత స్కూల్ పిల్లల ఎక్స్‌కర్షన్లు, క్రిస్మస్, న్యూ ఇయర్, సంక్రాంతి సెలవులు. ఆ రెండున్నర నెలల్లో ఆదివారం వస్తే చాలు ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకీ బండి ఆగిపోతుంది, ఎదురెదురుగా రెండు బస్సులు వస్తే ఎవరూ వెనక్కి తియ్యరు, కార్లో పిల్లలు వాంతులు చేసుకుంటూ ఉంటారు, నీళ్ళుండవు, దిగి నిలబడదామంటే పక్కన లోయ. అదే రోడ్డు మీద ఏజెన్సీ (కొండల్లోని గిరిజన ప్రాంతం) నుంచి పురిటి నొప్పులతో ఉన్న ఆడపిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న 108 బండి కూడా రావాలి కదా. సరదాగా వచ్చినవాళ్ళకి అది గంట ఆలస్యం, ఆ తల్లికి అలా కాదు. ఇది తలుచుకుంటేనే నాకు చాలా బాధగా ఉంటుంది.

మరి అందరూ డిసెంబర్‌లోనే ఎందుకు వస్తారంటే చలి కోసం, పొగమంచు ఫోటో కోసం. సరే, చలి కావాలంటే డిసెంబరే, కాదనను. లంబసింగిలో వణకాలన్నా అప్పుడే రావాలి. వలిసె పూల పసుపు పొలాలు చూడాలన్నా నవంబర్ దాకా ఆగాల్సిందే, ఆశ్వయుజంలో అవి ఇంకా సరిగ్గా పూయవు. కానీ కొండ కొండలా ఉండేది మాత్రం వానలు తగ్గిన ఈ రోజుల్లోనే అని నా గట్టి నమ్మకం. బొర్రా దగ్గర కటికి జలపాతం డిసెంబర్ చివరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది, అదే అక్టోబర్‌లో అయితే దూరం నుంచే హోరు వినిపిస్తుంది, దగ్గరికెళ్తే నిలబడిన చోటే తుంపర్లకి బట్టలు తడిసిపోతాయి. మెట్లు మెట్లుగా ఉన్న వరి మడులు కింద ఇంకా పచ్చగా, పైన అప్పుడే రంగు తిరుగుతూ ఉంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ కాయలు ఇంకా ఆకుపచ్చగా గుత్తులు గుత్తులుగా ఉంటాయి, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకి ఉంటాయి. ఘాట్ పక్కన ఆడవాళ్ళు సీతాఫలాలు బుట్టల్లో పెట్టుకుని కూర్చుంటారు. సాయంత్రం ఒక శాలువా కప్పుకుంటే చాలు, స్వెట్టర్లు మూటలు మూటలుగా మొయ్యక్కర్లేదు.

వచ్చేవాళ్ళు వీలైతే ఎక్కేటప్పుడు రైల్లో రండి, దిగేటప్పుడు రోడ్డు మీద దిగండి. విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఉంటుంది. ఈ కొత్తవలస కిరండూల్ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడం కోసం వేసింది, మనుషుల షికారు కోసం కాదు, అయినా ఇంత అందమైన దారి మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నేననుకుంటాను. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, అలా ఎక్కుతూ ఎక్కుతూ సిమిలిగూడ దగ్గరికి వచ్చేసరికి 996 మీటర్ల ఎత్తులో ఉంటాం. లైను మొత్తం మీద సొరంగాలు 58 అని చెప్తారు. 2017లో అద్దాల కోచ్ వేశారు, బాగుంటుంది, సీజన్లో దానికి టికెట్ దొరకడం కష్టం, నేను చెప్పిన ఆ ఇరవై రోజుల్లో కొంచెం సులువు. కానీ నన్నడిగితే మామూలు బోగీలో కిటికీ పక్క సీటే మేలు. సొరంగంలోకి వెళ్ళగానే తడిసిన రాయి వాసనతో చల్లగాలి మొహానికి కొడుతుంది, పిల్లలందరూ ఒక్కసారి కేకలేస్తారు, బయటికి రాగానే కింద లోయలో జలధార కనిపించి మళ్ళీ మాయమైపోతుంది. అద్దాల వెనక కూర్చుంటే ఆ గాలి రాదు.

బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోతే గుహలు చూసుకుని, జీపులో కటికి చూసుకుని, రోడ్డెక్కి అనంతగిరి, గాలికొండ మీదుగా సాయంత్రానికి అరకు చేరొచ్చు. గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, ఆ రోజుల్లో పైనుంచి నీళ్ళు కారుతూ తడిగా కూడా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని బలవంతంగా దింపకండి. మర్నాడు చాపరాయి మీదుగా పాడేరు వెళ్ళి రాత్రికి అక్కడే ఉంటే, తెల్లారగట్ల వంజంగి కొండెక్కి మేఘాలు కింద పరుచుకోవడం చూడొచ్చు, అది మాత్రం ఆ రోజు ఆకాశాన్ని బట్టి మన అదృష్టం. రెండు రాత్రులు ఉండండి. పొద్దున వచ్చి రాత్రికి దిగిపోదాం అనుకున్నవాళ్ళే చీకట్లో పొగమంచులో ఘాట్ దిగుతూ ప్రమాదాల్లో పడతారు. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, ఆ రోజు ఊళ్ళోకి బండి పెట్టలేరు. అమ్మవారిని చూసుకుని ఒక రోజు ఆగి కొండెక్కితే రెండూ కలిసొస్తాయి.

ఇంక వానల మాట, ఇది దాచిపెట్టి రమ్మనడం తప్పు. అక్టోబర్ అంటే బంగాళాఖాతంలో తుఫానుల నెల. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, దాని సంగతి ఉత్తరాంధ్ర వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గట్టి వాన పడితే ఘాట్ మీద కొండచరియలు పడతాయి, రైలు పట్టాల మీదా రాళ్ళు పడతాయి. కాబట్టి ప్లాన్ బిగించి వేసుకోకండి, ఒక రోజు అటూ ఇటూ ఉంచుకోండి, రూమ్ కట్టేముందు క్యాన్సిల్ చేస్తే డబ్బులు వెనక్కిస్తారా అని అడగండి, బయల్దేరే ముందు విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ఏం చెప్తుందో చూడండి, అల్పపీడనం అంటే ఇంకో ఆలోచన లేకుండా వాయిదా వేసుకోండి. చాపరాయి దగ్గర బండ మీద నీళ్ళు పల్చగా జారుతున్నట్టే కనిపిస్తాయి, కానీ ఆ నాచు మీద కాలు నిలవదు, పైన వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. సెల్ఫీ కోసం పిల్లల్ని అక్కడ నిలబెట్టొద్దని చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. దోమల మందు కూడా తెచ్చుకోండి, ఏజెన్సీలో వానలు వెళ్ళాక మలేరియా భయం ఉంటుంది.

సీజన్ కాని రోజుల్లో వస్తే మీకే కాదు అక్కడివాళ్ళకీ మేలు. జీపులు తోలే కుర్రాళ్ళకీ, బొంగు చికెన్ అమ్ముకునే కుటుంబాలకీ రెండున్నర నెలలు ఊపిరి సలపదు, మిగతా ఏడాది చేతిలో పని ఉండదు. రద్దీ రోజుల్లో బొంగు చికెన్ సగం ఉడికీ ఉడక్కుండా ఇచ్చేస్తారు, వాళ్ళ తప్పు కాదు, అంతమంది మీద పడితే ఏం చేస్తారు. తీరికున్న రోజున అయితే పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క ఉండదు, బొంగు పగలగొట్టగానే వచ్చే ఆవిరికే కడుపు నిండుతుంది. కాఫీ పొడి, పసుపు, మిరియాలు, రాజ్మా వారపు సంతలో వాళ్ళ చేతుల మీదే కొనండి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెందుతుందనే జీఐ ముద్ర) వచ్చింది, ఆ పేరు వల్ల వచ్చే రూపాయి పండించినవాళ్ళకి చేరాలి. పోయిన సీజన్లో మా చుట్టాలకి ఒక లాడ్జిలో మామూలు రేటుకి మూడింతలు చెప్పారు. ఆ డబ్బుతో అక్టోబర్‌లో ఇంటిల్లిపాదీ హాయిగా తిరిగొచ్చేవారు.

వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. బొర్రా దగ్గర పారే గోస్తని కిందికొచ్చి తాటిపూడి రిజర్వాయర్‌లో చేరుతుంది, ఆ నీళ్ళే మీ ఊరికి తాగడానికి వస్తాయి. కొండ మీద విసిరేసిన ప్లాస్టిక్ గ్లాసు ఆ నీళ్ళ దారిలోనే పడుతుంది.

పర్యాటక శాఖ వారు ఈ ఇరవై రోజులకి వారం మధ్య గదుల రేట్లు తగ్గించి ముందే ప్రకటించాలి, జలపాతాల దగ్గర ఆడవాళ్ళకి నీళ్ళున్న మరుగుదొడ్లు కట్టాలి. మీ పత్రిక వారు సెప్టెంబర్ నెలాఖరుకే రైలు టైములు, ఘాట్ రోడ్డు ఎక్కడ పని జరుగుతోంది, ఏ జలపాతం దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయి అన్నది జిల్లా పేజీలో వారానికోసారి వేస్తే, సెలవు పెట్టుకునేవాళ్ళు అప్పుడే పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శృంగవరపుకోట