డాలస్ పాప సంగతి సరే, కువైట్ పాప సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో పుట్టే మన పిల్లల్లో చాలామందికి ఇక అక్కడి పౌరసత్వం ఉండదని ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు గురించి 2025 జనవరి నుంచి మీ పత్రికలో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. ఎన్ని రాసినా చివరికి తేలేది ఒకటే, మనవాళ్లకు టెన్షన్ అని. టెన్షన్ అబద్ధమని అనను, మా ఇంట్లోనూ పడ్డాం. కానీ ఇదే విషయంలో మన సొంత చట్టం ఏమంటుందో, గల్ఫ్‌లో పుట్టే తెలుగు పిల్లల గతేమిటో ఒక్క ముక్క రాయకుండా డాలస్ చుట్టూనే తిరగడం నాకు నచ్చలేదు.

నాది తెనాలి, టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి రెండో కాన్పుకి సాయంగా అమెరికా వెళ్లి ఆర్నెల్లు అక్కడే ఉన్నాను. వాళ్లింట్లో బీరువా పై అరలో జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి ఉంటుంది, అందులో నాలుగు పాస్‌పోర్టులు. మూడు మనవి, ఒకటి వాళ్లది. అన్నీ నీలం అట్టలే, పైన సింహాలున్నాయా గద్ద ఉందా అని చూస్తే తప్ప తేడా తెలియదు. పెద్దవాడు ఇక్కడ పుట్టి ఏడాదిన్నరప్పుడు వెళ్లాడు కాబట్టి తండ్రి ఉద్యోగ వీసా హెచ్‌1బీ వెనక వచ్చే హెచ్‌4 వీసా మీదే ఉన్నాడు, 21 దాటేలోపు గ్రీన్‌కార్డు వ్యవహారం తేలకపోతే వాడి దారి వాడు వేరే వీసా వెతుక్కోవాలి. చిన్నది అక్కడి ఆసుపత్రిలో కళ్లు తెరిచింది కాబట్టి సిటిజన్. ఇద్దరినీ ఒకే ఒళ్లో ఆడించేదాన్ని. పిల్లని అడ్డం పెట్టుకుని తల్లిదండ్రులు అక్కడ పాతుకుపోతారని తేలిగ్గా అనేస్తుంటారు గానీ, ఆ చిన్నదానికి 21 ఏళ్లు వస్తే తప్ప అమ్మానాన్నల కోసం అర్జీ పెట్టడానికే వీల్లేదు. అప్పటికి మా అల్లుడు రిటైర్మెంటు లెక్కలు వేసుకుంటూ ఉంటాడు.

ట్రంప్ ఉత్తర్వు 2025 జనవరి 20 నాటిది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉన్నా, అసలు వీసా లేకపోయినా, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే ఆ బిడ్డ అమెరికన్ కాదని, ముప్పై రోజుల తర్వాత పుట్టేవాళ్ల నుంచి ఇది వర్తిస్తుందని రాశారు. ఫిబ్రవరి 20 లోపే ఆపరేషన్ చేసేయమని మనవాళ్లు డాక్టర్లకి ఫోన్లు చేస్తున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి, మీరూ వేశారు. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఈసారి ముహూర్తం వైట్‌హౌస్ పెట్టింది, అంతే. సియాటిల్‌లో ఒక జడ్జి మూడో రోజే ఆపేశారు కాబట్టి ఆ తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. అక్కడి నుంచి కోర్టులు తిరిగి తిరిగి సంగతి సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఇది చదివి నేను కోపంగా ఏదో అంటుంటే మా వారు పేపరు మడిచి పక్కన పెట్టి, "మన దేశంలో వేరే దేశం వాళ్లకి పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఇస్తున్నామా?" అన్నారు. ఇవ్వడం లేదు. రిపబ్లిక్ వచ్చిన నాటి నుంచి, అంటే 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు ఈ గడ్డ మీద పుట్టినవాళ్లంతా, దౌత్యవేత్తల పిల్లల్లాంటి వాళ్లు తప్ప, మనవాళ్లే. వలసల మీద అస్సాంలో జరిగిన గొడవల తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకా బిగించారు, ఒకరు భారతీయులైతే చాలదు, రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదు. మరి మనం మూసేసిన తలుపు ఎదురింటివాడు మూస్తుంటే ఎందుకు గోల పెడుతున్నాం అని ఆయన అంటే నాకు ఆ పూటకి జవాబు తట్టలేదు.

రెండ్రోజులు ఆలోచించాక తట్టింది, సరైనదో కాదో మీరే చెప్పండి. మన దగ్గర మార్చింది పార్లమెంటు, చర్చ జరిగింది, బిల్లు పాసైంది. అక్కడ పుట్టినవాళ్లు అక్కడి పౌరులేనన్న మాట బానిసత్వం పోయాక 1868లో ఏకంగా రాజ్యాంగంలో రాసుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్లొస్తే ఓడ దిగనివ్వలేదు, ఆయన కోర్టుకెళ్లి ఇక్కడ పుట్టాను కాబట్టి పౌరుణ్ణేనని 1898లో గెలిచాడు, ఆయన తల్లిదండ్రులు మాత్రం అప్పటి చట్టప్రకారం అమెరికన్లు కాలేరు. ఆ తీర్పు మన దేశం వాళ్లకీ పనికొచ్చింది. 1923లో భారతీయులు పౌరులు కావడానికి పనికిరారని అక్కడి సుప్రీంకోర్టే తేల్చాక, కాలిఫోర్నియాలో పొలాలు చేసుకుంటున్న పంజాబీ రైతులకి భూమి కొనే దారి కూడా పోయింది, అప్పుడు చాలామంది అక్కడ పుట్టిన తమ పిల్లల పేరు మీద పొలం పెట్టుకుని నెట్టుకొచ్చారు. ఇంత చరిత్రని ఒక్క సంతకంతో, నెల రోజుల గడువిచ్చి మార్చేస్తాననడం మీదే నా అభ్యంతరం. వాళ్ల దేశం, వాళ్లు మార్చుకోదలిస్తే రాజ్యాంగాన్ని సవరించుకోవాలి, కడుపుతో ఉన్నవాళ్ల గుండెలు అదరగొట్టకూడదు.

ఇక గల్ఫ్. రాయచోటి నుంచి, రాజోలు నుంచి, నిజామాబాద్ నుంచి కువైట్, దుబాయ్ వెళ్లిన మనవాళ్లకి అక్కడ పిల్లలు పుట్టినా, అక్కడే పెరిగినా, ఆ దేశం పౌరసత్వం పుట్టుక వల్ల రాదు. దాని కోసం ఎవరూ ధర్నా చేయలేదు, అది మామూలే అనుకున్నాం. అన్నిటికన్నా ఘోరం పనికి వెళ్లిన ఇంట్లో బాధలు పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లది. వాళ్ల చేతిలో పాస్‌పోర్టు ఉండదు, వీసా ఉండదు, బిడ్డ పుడితే ఆసుపత్రికి వెళ్లాలంటేనే భయం. జనన ధ్రువపత్రం లేకపోతే బిడ్డకి మన పాస్‌పోర్టు కష్టం, అది లేకపోతే విమానం ఎక్కలేదు. ఆ బిడ్డ తల్లి మన మనిషే, మన చట్టం ప్రకారం హక్కున్న బిడ్డే, కాగితమే లేదు.

అందుకే మీకు ఒక మనవి. విదేశంలో మన పౌరులకి బిడ్డ పుడితే ఏడాదిలోపు అక్కడి మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి, ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఈ గడువు సంగతి మా వీధిలో గల్ఫ్‌లో కొడుకులున్న ఇద్దరు తల్లులని అడిగాను, ఇద్దరికీ తెలియదు. ఒక తల్లి "బర్త్ సర్టిఫికెట్ వచ్చిందిగా, ఇంకేం కావాలి?" అంది. ఆవిడ మనవరాలికి ఇప్పుడు పదో నెల. జిల్లా పేజీలో, పెద్దక్షరాలతో, ఈ ఆదివారంలోపు ఒక్కసారి వేయగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డు టీచరు, తెనాలి