శీనుగాడికి, పాట్కాయ్ కొండల గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో నువ్వు "మయన్మార్ బోర్డర్‌కి కంచె వేస్తే తప్పేంటి, పాకిస్తాన్ బోర్డర్‌కి వేయలేదా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అప్పట్నుంచి నాకు మనసాగట్లేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ కొండల గురించి చెప్పాలి, అది ఫోన్లో అయ్యే పని కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదువు.

ముందు మ్యాప్ తెరువు. అరుణాచల్ తూర్పు కొసకి రా. హిమాలయాలు అంత దూరం పడమర నుంచి తూర్పుకి వచ్చి, అక్కడ కొండల వరస ఒక్కసారిగా దక్షిణానికి మళ్ళుతుంది, కనిపించిందా? అక్కడ మొదలయ్యేవే పాట్కాయ్ కొండలు. కిందకి వస్తే నాగా కొండలు, మణిపూర్ కొండలు, మిజో కొండలు, మనం స్కూల్లో పూర్వాంచల్ అని ఒక్క లైన్లో చదివేసి వదిలేసినవి. ఒకపక్క ఇండియా, ఇంకోపక్క మయన్మార్. నేల అడుగున ఇండియా భూపలక అక్కడ బర్మా భూపలక కిందకి ఏటవాలుగా దూరుతూ ఉంటే నేల మడతలు పడి లేచిన కొండలివి, అందుకే అక్కడ భూకంపాలు కూడా ఎక్కువే.

ఇప్పుడు అసలు విషయం. ఇవి హిమాలయాలంత ఎత్తు కాదురా. నాగాలాండ్ దగ్గర సారమతి శిఖరం 3,800 మీటర్లు దాటుతుంది గానీ, అరుణాచల్ నుంచి మయన్మార్‌కి జనం దాటే పాంగ్సావ్ కనుమ ఎత్తు 1,136 మీటర్లే. లద్దాఖ్ పైన కారకోరం కనుమ 5,540 మీటర్లు, అక్కడ ఊపిరాడదు, ఊళ్ళుండవు, కాబట్టి అక్కడ గీత గీస్తే చెరిపేవాళ్ళు ఉండరు. పాట్కాయ్ అలా కాదు, ఇక్కడ ఎత్తు మనిషిని ఆపదు, ఆపేదంతా వాన, అడవి, బురద, మలేరియా. ఆ అడవుల్లో పుట్టి పెరిగిన వాళ్ళకి అది కూడా పెద్ద అడ్డం కాదు. నా దృష్టిలో ఈ కొండల రాజకీయం మొత్తం ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

నీళ్ళ సంగతి కూడా చూడు. ఉత్తరాన గట్టుకి ఇటు పడ్డ వాన నోవా దిహింగ్ లో కలిసి బ్రహ్మపుత్రకి పోతుంది, అటు పడ్డది చింద్విన్ లోకి, అక్కణ్ణుంచి ఐరావతిలోకి. బ్రహ్మపుత్ర చివరికి చేరేది మన బంగాళాఖాతంలోకి, ఐరావతి చేరేది దాని పక్కనున్న అండమాన్ సముద్రంలోకి. ఆఫీసుల్లో కూర్చుని బోర్డర్ గీసేవాళ్ళకి ఇలాంటి గట్టు భలే సులువు కదా, నీళ్ళు ఎటు పారితే అటు దేశం. కానీ మనుషులు నీళ్ళు కాదు. గట్టుకి రెండు వైపులా ఒకటే తాంగ్సా తెగవాళ్ళు, ఒకటే నాగాలు, దక్షిణాన మిజోలు ఇటు, వాళ్ళ చుట్టాలు చిన్ లు అటు.

చరిత్ర చూసినా ఇదే కథ. 1228 లో సుకాఫా అనే తాయ్ జాతి రాజకుమారుడు ఈ కొండలు దాటి వచ్చాడు, ఆయన వంశమే అహోంలుగా అస్సాంని దాదాపు ఆరొందల ఏళ్ళు ఏలింది. 1817 నుంచి బర్మా సైన్యాలు వచ్చిందీ ఇటునుంచే, దాని పర్యవసానంగానే ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి 1826 లో యాండబో ఒప్పందంతో అస్సాం చేజిక్కించుకున్నారు. 1937 లో బర్మాని ఇండియా నుంచి విడగొట్టారు, 1967 లో రెండు దేశాలు బోర్డర్ ఒప్పందం రాసుకున్నాయి. వీటిలో ఒక్కదానికీ కొండమీదున్న వాళ్ళని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఇక 1942 సంగతి. ఇది చదువుతుంటే నాకు గుండె పట్టేసినట్టైంది, ఎందుకంటే అందులో మనవాళ్ళున్నారు. రంగూన్ రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, రైస్ మిల్లుల్లో పనిచేసింది చాలావరకు మన కోస్తా జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళే, కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. అప్పట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా ఇండియా వాళ్ళే. 1941 డిసెంబర్ 23 న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, 1942 మార్చి కల్లా ఊరు వాళ్ళ చేతుల్లోకి పోయింది. డబ్బున్నవాళ్ళు ఓడల్లో, విమానాల్లో వెళ్ళారు, మిగతావాళ్ళు లక్షల మంది నడక మొదలుపెట్టారు. కొంతమంది అరకాన్ వైపు, కొంతమంది టాము మీదుగా ఇంఫాల్ కి, అన్నిటికన్నా ఘోరం ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా పాంగ్సావ్ కనుమ దాటి అస్సాంలోని లెడో చేరే దారి. మే నెలలో మిచినా విమానాశ్రయం కూడా పోయాక ఉత్తరాన చిక్కుకున్నవాళ్ళకి మిగిలింది దాదాపు ఆ ఒక్క దారే, సరిగ్గా అప్పుడే వానలు పట్టుకున్నాయి. మోకాలి లోతు బురద, పొంగే వాగులు, జలగలు, కలరా, తినడానికి గింజ లేదు, పిల్లల్ని భుజాన వేసుకుని రోజుల తరబడి ఎక్కడం దిగడం. దారి పొడుగునా వేలమంది పోయారు, సరైన లెక్క ఎవరూ రాయలేదు. అస్సాం తేయాకు తోటల వాళ్ళు దారిలో క్యాంపులు పెట్టి గంజి పోసి కొంతమందిని బతికించారు. విశాఖలో బర్మా క్యాంప్ అని వింటుంటాం కదా, బర్మా నుంచి తిరిగొచ్చిన కాందిశీకుల గుర్తురా అది. మన పల్లెల నుంచి వెళ్ళిన ఇన్ని వేలమంది కథ మన పాఠాల్లో ఒక్క పేజీ కూడా లేకపోవడం నాకు చాలా బాధనిపిస్తుంది.

విచిత్రం ఏంటంటే, ఆ జనం పడీ లేచీ వచ్చిన దారినే ఏడాది తిరక్కుండా రోడ్డు చేయడం మొదలుపెట్టారు. చైనాకి యుద్ధ సామాను పంపాలని అమెరికా సైన్యం 1942 డిసెంబర్ లో లెడో నుంచి పని ఎత్తుకుంది. పనిచేసిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు, వాళ్ళతో పాటు వేలాది మన కూలీలు. పాంగ్సావ్ ఎక్కే ఆ రోడ్డు చూసి సైనికులు దానికి నరకపు కనుమ అని పేరు పెట్టారు. వెయ్యిమందికి పైగా అమెరికన్లే చనిపోయారు. 1945 జనవరిలో మొదటి లారీల వరస లెడోలో బయల్దేరి ఫిబ్రవరి 4 న చైనాలో కున్మింగ్ చేరింది. లెడో నుంచి కున్మింగ్ దాకా 1,700 కిలోమీటర్ల పైన, అందులో మన దేశంలో ఉన్నది 61 మాత్రమే. దానికి స్టిల్వెల్ రోడ్ అని పేరు, ఆ అమెరికన్ జనరల్ స్టిల్వెల్ కూడా 1942 లో బర్మా నుంచి కాలినడకన ఇంఫాల్ కి వచ్చినవాడే. యుద్ధం అయ్యాక ఆ రోడ్డుని అడవికి వదిలేశారు. మళ్ళీ తెరవాలని అస్సాం, అరుణాచల్ ఎప్పట్నుంచో అడుగుతున్నాయి, ఢిల్లీ మాత్రం వెనకాడుతుంది, అటు తిరుగుబాటు దళాలు, ఆ చివర చైనా. ఆ భయంలో అర్థం లేదని నేను అనను.

ఇప్పుడు నీ కంచె దగ్గరికి వస్తున్నా. మొత్తం బోర్డర్ 1,643 కిలోమీటర్లు. నాగాలాండ్ మోన్ జిల్లాలో లోంగ్వా అని కోన్యాక్ నాగాల ఊరుంది, బోర్డర్ గీత సరిగ్గా ఆ ఊరి పెద్ద అంఘ్ ఇంటి మధ్య నుంచి పోతుంది. ఒకటే కప్పు, ఒకటే కుటుంబం, ఇంట్లో ఒక భాగం ఇండియా, ఇంకో భాగం మయన్మార్. పైగా ఆ అంఘ్ మాట చెల్లే ఊళ్ళు అటుపక్క కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పు, కంచె ఏ గదిలోంచి వేస్తావు?

అందుకే ఇన్నాళ్ళూ ఇరుపక్కల 16 కిలోమీటర్ల దాకా వీసా లేకుండా తిరిగే వెసులుబాటు ఉండేది. 2021 లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక వేలమంది చిన్ లు మిజోరం వచ్చి పడ్డారు, 2023 మే లో మణిపూర్ తగలబడింది, 2024 ఫిబ్రవరిలో కేంద్రం బోర్డర్ మొత్తం కంచె వేస్తాం, ఆ వెసులుబాటు తీసేస్తాం అంది. మణిపూర్ ప్రభుత్వం సై అంది, మిజోరం, నాగాలాండ్ అసెంబ్లీలు వద్దని తీర్మానాలు చేశాయి. తర్వాత పూర్తిగా తీసేయకుండా 10 కిలోమీటర్లకి తగ్గించి పాసులు పెట్టారు.

మత్తుమందులు, తుపాకులు వస్తున్నాయి అన్నది నిజమేరా, నేను కాదనను. 2015 లో మణిపూర్ చందేల్ జిల్లాలో 18 మంది జవాన్లని చంపింది ఆ తిరుగుబాటు దళాలే. కానీ కొండచరియలు ప్రతి వానాకాలం విరిగిపడే చోట, చాలా మేర అవతలి ప్రభుత్వానికే పట్టులేని చోట, వేల కోట్లు పోసి కంచె కట్టి దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఆ డబ్బుతో రోడ్లు, చెక్ పోస్టులు, బజార్లు పెట్టి మనిషిని మనిషిలా గుర్తుపట్టి పాస్ ఇస్తే, అక్కడి జనమే మనకి కళ్ళూ చెవులూ అవుతారు. వాళ్ళ చుట్టాలని వాళ్ళకి దూరం చేస్తే సమాచారం చెప్పేవాడు ఒక్కడుండడు. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో రాయి, ఫోన్లో వద్దు.

ఇంకోటి, పాంగ్సావ్ దగ్గర నాంపోంగ్ లో జనవరిలో ఉత్సవం చేస్తారు, నాకు వెళ్ళాలనుంది. అరుణాచల్ కి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటివాళ్ళు వెళ్ళడానికి అనుమతి, కావాలి, ఆన్‌లైన్ లో అప్లై చేసుకోవచ్చు. డిబ్రూగఢ్ దాకా ఫ్లైట్, అక్కణ్ణుంచి లెడో మీదుగా రోడ్డు. నీ లీవ్ సంగతేంటో ఈ వారంలో తేల్చి చెప్పు, టికెట్లు నేను చూస్తా.

నీ
రవి