బీరు పాత్ర కొనబోయే అల్లుళ్ల కోసం

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశాల్లో మనవాళ్లు ఇంట్లోనే బీరు కాచుకునే కరెంటు పాత్రల గురించి రాశారు. ఫొటోలు బాగున్నాయి. కానీ గింజలు పోసి బటన్ నొక్కితే పని అయిపోతుందన్న ముక్క మాత్రం నాకు మింగుడు పడలేదు. అలాంటి పాత్ర అడుగున పట్టిన మాడును రెండు రోజులు గోకినవాణ్ని నేను.

చక్కెర ఫ్యాక్టరీలో 31 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది రాజాంలో. 2022 దాకా మాది శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత ఇల్లు కదలకుండానే విజయనగరం జిల్లా వాళ్లమైపోయాం. అమ్మాయి, అల్లుడు అమెరికాలో కొలంబస్‌లో ఉంటారు. పోయినేడు వాళ్ల దగ్గర ఐదు నెలలున్నాం. అప్పుడే అల్లుడికి ఈ సరదా పట్టుకుంది. "మావయ్యా, మీరు కరెంటు మనిషి కదా, ఏది కొనమంటారు?" అని నన్నే అడిగాడు. మా ఆవిడ మా ఇద్దరినీ చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను.

మీ వ్యాసంలో రానిది ఒకటి ముందే చెప్పేస్తాను. అక్కడ 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. మనకేమో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే కేసే. మీ పేపరు చదివి మా వీధి కుర్రాడొకడు "ఆన్‌లైన్లో తెప్పిస్తే ఎంతవుతాది బాబాయ్?" అని వచ్చాడు. నేను తిట్టి పంపించాను. మీరు ఒక్క లైను రాసుంటే నాకా పని తప్పేది.

ఇక పాత్ర సంగతి. మన ఇళ్లలో చంటిపిల్లల కోసం చోళ్లు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి పిండి పట్టిస్తాం కదా. బార్లీని అలా మొలకెత్తించి ఆరబెడితే అదే మాల్ట్. మొలకలో పుట్టిన ఎంజైములు 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంటే గింజలోని పిండిని చక్కెరగా మార్చేస్తాయి. పాత్ర స్టీలుది. అడుగున హీటరు, లోపల జల్లెడ అడుగున్న పొడవాటి బుట్ట, కింది నీళ్లను తోడి గింజల మీద పోసే చిన్న పంపు ఉంటాయి. గంటయ్యాక బుట్ట పైకెత్తి, గింజల్ని వేడి నీళ్లతో కడిగి, దిగిన రసాన్ని అదే పాత్రలో హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే ఎండు పువ్వులు) వేసి ఇంకో గంట మరిగించాలి. తర్వాత చల్లార్చి, పులియడానికి ఈస్టు వేయాలి. ఈస్టు వేసేముందు దాకా అన్నీ ఒకే పాత్రలో జరుగుతాయి కాబట్టి దానికి ఆల్ ఇన్ వన్ అని పేరు.

కొనేవాళ్లు మొట్టమొదట లీటర్లు చూస్తారు, తర్వాత ఫోన్‌లో యాప్ ఉందా అని అడుగుతారు. మా అల్లుడూ అంతే. నేను అతన్ని గరాజ్‌లోకి తీసుకెళ్లి ప్లగ్గు చూపించాను. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. ఎంత పిండినా 1800 వాట్లు దాటదు. అందుకే ఆ ప్లగ్గుకి పెట్టే పాత్రలు చాలావరకు 1600 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. 20 లీటర్ల బీరుకి మొత్తం సుమారు 28 లీటర్ల నీళ్లు కావాలి. కుళాయి నీళ్లు 15 డిగ్రీలుంటే, వాటిని 68కి తేవడానికి 1600 వాట్లతో లెక్క ప్రకారమే గంటా ఐదు నిమిషాలు పడుతుంది. పాత్ర ఒంటి నుంచి పోయే వేడి దీనికి అదనం. అదే 2800 వాట్లయితే 37 నిమిషాలు. రసాన్ని మరుగుకి తెచ్చే దగ్గర మళ్లీ ఇదే తేడా. శనివారం పొద్దున్న మొదలుపెట్టిన పని మధ్యాహ్నం భోజనానికి తెమలాలా, సాయంత్రం టీ దాకా సాగాలా అన్నది వాట్లే తేలుస్తాయి. పైగా వాళ్ల గరాజ్‌లో ఫ్రీజరు కూడా అదే లైను మీదుంది. రెండూ కలిస్తే బ్రేకరు పడుతుంది.

కొనేముందు ఒకసారి కాచి చూద్దామని అల్లుడు స్నేహితుడి దగ్గర ఒక పాత్ర అరువు తెచ్చాడు. అది ఏ కంపెనీదో చెప్పను, తప్పు దానిది కాదు కాబట్టి. మాల్ట్ మెత్తగా ఆడితే పిండి బాగా దిగుతుందని సలహా ఇచ్చింది నేనే. మిక్సీలో ఐదు కిలోలూ తిప్పేశాం. అలా చేయకూడదట. గింజ రెండు మూడు ముక్కలై నూకలా ఉండాలి, పొట్టు పొట్టుగానే మిగలాలి. ఆ పొట్టే వడపోత. మాది బుట్టలో అంబలిలా గట్టిపడి కూర్చుంది. పంపు కింద నుంచి తోడుతోంది, పైన పోసిన నీళ్లు కిందికి దిగట్లేదు. అడుగు ఎండిపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే ఓవర్‌హీట్ ట్రిప్ పడింది.

దాన్ని రీసెట్ చేయడానికి పాత్ర అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కాను. మళ్లీ పడింది. మళ్లీ నొక్కాను. ఫ్యాక్టరీలో కారణం చూడకుండా ట్రిప్ రీసెట్ చేసిన కుర్రాళ్లను ఎన్ని తిట్లు తిట్టానో నాకే గుర్తులేదు. పది నిమిషాలకి గరాజ్ నిండా బెల్లం పెనం అడుగంటిన వాసన. ఆ వాసన నాకు తెలియందా! రసం వంపి చూస్తే అడుగున హీటరు ఎక్కడుందో అక్కడ గాజు పెంకులా మెరుస్తూ నల్లటి చక్రం. ఇరవై లీటర్లూ డ్రైనేజీ పాలు. స్టీలు పీచుతో గోకితే ఇనుప నలుసులు పాత్రకి అంటుకుని తుప్పు పడుతుంది కాబట్టి, వేడి నీళ్లలో వాషింగ్ సోడా వేసి రాత్రంతా నానబెట్టి, చెక్క గరిటెతో గోకాను. రెండు రోజులు పట్టిందన్నది ఇందుకే.

కాబట్టి కొనేటప్పుడు వాట్లతో పాటు ఆ వాట్లు ఎంత మేర పరుచుకున్నాయో చూడండి. ఇరుకు చోట 2000 వాట్లు కుమ్మరిస్తే చిక్కటి రసం మాడుతుంది, అడుగంతా పరిచిన హీటరయితే అంత మాడదు. చిన్నదీ పెద్దదీ రెండు హీటర్లున్నవి కూడా మంచివే. ఆస్ట్రేలియా వాళ్ల బ్రూజిల్లా 35 లీటర్ల, 240 వోల్టుల దాంట్లో 500, 1900 వాట్ల హీటర్లు విడివిడిగా ఇచ్చారు. గింజలు నానుతున్నంతసేపు చిన్నదొక్కటి చాలు. హీటరు పాత్ర కింద దాగి ఉంటే తోమడం సులువు, లోపల చుట్టలా ఉంటే ఆ సందుల్లోకి చెయ్యి దూరదు. కుళాయి కింద ఎంత రసం దిగకుండా మిగిలిపోతుందో కూడా అడగండి. అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు.

బుట్ట సంగతి ఎవరూ పట్టించుకోరు. ఐదు కిలోల మాల్ట్ ఇంచుమించు ఐదు లీటర్ల నీళ్లు పీల్చుకుంటుంది. పది కిలోల పైచిలుకు బరువు, పొగలు కక్కుతూ, నడుము ఎత్తున పైకి లాగాలి. నా నడుము రెండోసారికి వద్దంది. పైకప్పుకి చిన్న కప్పీ బిగించాం.

అల్లుడు చివరికి అన్విల్ ఫౌండ్రీ పదిన్నర గ్యాలన్లది తీసుకున్నాడు. దాంట్లో నాకు నచ్చింది ఒక్కటే. 120 మీద 1600 వాట్లు, స్విచ్చూ ప్లగ్గూ మారిస్తే 240 మీద 2800. బట్టలు ఆరబెట్టే మిషను కోసం వాళ్లింట్లో 240 లైను ఉండనే ఉంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, షాక్ కొడితే కట్ చేసే బ్రేకరుతో గరాజ్‌కి వేరే లైను వేయించాం. నేను వేస్తానంటే అమ్మాయి ఒప్పుకోలేదు.

అక్కడినుంచి సామాన్లు తెచ్చుకునేవాళ్లకి ఇంకో మాట. బీరు కాకపోయినా చెరకు రసమో పాలో కాచుకుందామని 120 వోల్టుల పాత్రను ఇక్కడ మన 230కి తగిలిస్తే, 1600 వాట్ల హీటరు 5800 పైనే లాగుతుంది. అంటే 25 ఆంపియర్ల పైమాటే. మన ఏసీ ప్లగ్గు 16కే. ఫ్యూజు ముందు పోతే అదృష్టవంతులు, లేకపోతే పాత్రలోని బోర్డు పోతుంది.

కొత్త పాత్రలో మొదటిసారి కాచింది మేం తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు. మాల్ట్ ఈసారి నూకలాగే ఆడించాం. రసం దించాక అల్లుడు చుక్క తీసి గాజు మీద వేసి, వెలుతురుకి పెట్టి చూసి ఎగిరాడు. "పన్నెండు బ్రిక్స్ వచ్చింది మావయ్యా!" అంటూ నా చేతికిచ్చాడు. అంటే రసంలో చక్కెర నూటికి సుమారు పన్నెండు పాళ్లన్నమాట. నేనూ చూసి బాగుందన్నాను. మా ఫ్యాక్టరీకి వచ్చే పక్వానికొచ్చిన చెరకు రసంలో పద్దెనిమిది ఉంటుందని మాత్రం చెప్పలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్,
రాజాం, విజయనగరం జిల్లా