హెచ్చరిక అందాక ఏం చేశారు?

సంపాదకుడు గారికి,

పొరుగు దేశాల నేతలు కలిసిన ప్రతిసారీ విడుదలయ్యే సంయుక్త ప్రకటనలో ఉగ్రవాదం మీద ఒక పేరా ఉండి తీరుతుంది. సమాచారం ఇచ్చిపుచ్చుకుంటామంటారు. పుచ్చుకున్నాక ఏం చేస్తారన్నది మాత్రం రాయరు.

శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ రోజున, చర్చిల్లో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగి 250 మందికి పైగా చనిపోయారు. చర్చిలకు ముప్పు ఉందని భారత నిఘా వర్గాలు ఏప్రిల్ 4నే కొలంబోకు తెలియజేశాయి. 9వ తేదీకి ఆ హెచ్చరిక, దాడుల సూత్రధారి జహ్రాన్ హషీమ్ పేరుతో సహా పోలీస్ బాస్‌కు చేరింది. 11న కింది అధికారులకు మెమో వెళ్లింది. ఇన్ని బల్లలు మారిన కాగితం చర్చిల దాకా వెళ్లలేదు. ముందే తెలిసి ఉంటే ప్రార్థనలు రద్దు చేసేవాళ్లమని కొలంబో ఆర్చిబిషప్ వాపోయారు. తమకెవరూ చెప్పలేదని అప్పటి అధ్యక్షుడు సిరిసేన, ప్రధాని విక్రమసింఘే ఇద్దరూ అన్నారు. వాళ్లిద్దరికీ పొసగక, ప్రధానిని భద్రతా మండలి సమావేశాలకు పిలవడమే మానేశారు! చివరికి 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, సిరిసేన సొంత డబ్బుతో 10 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం కట్టాలని తీర్పు చెప్పింది.

దీన్ని చూసి మనం నవ్వుకోనక్కర్లేదు. 2008లో ముంబైకి సముద్రం వైపు నుంచి ముప్పుందని అమెరికా (పొరుగు దేశం కాదనుకోండి) ముందే చెప్పిందని అప్పట్లో పత్రికల్లో చదివాం.

ఒప్పందాలకు కొదవ లేదు. ఉగ్రవాద నిరోధానికి దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఒప్పందం 1987 నుంచే ఉంది. భారత్, పాకిస్థాన్ 2006లో ఉమ్మడి యంత్రాంగం పెట్టుకున్న రెండేళ్లకే ముంబై దాడి జరిగింది. మనసుంటే పని జరుగుతుందనడానికి భూటానే సాక్ష్యం. తన గడ్డ మీది ఉల్ఫా (అస్సాం వేర్పాటువాద సాయుధ సంస్థ) శిబిరాలను 2003లో ఆ చిన్న దేశం సొంత సైన్యంతో ఖాళీ చేయించింది.

కాబట్టి కొత్త ఒప్పందాల కంటే ముందు ఒక చిన్న ఏర్పాటు కావాలి. పొరుగు నుంచి వచ్చిన ప్రతి హెచ్చరికా ఎవరి చేతికి, ఏ రోజు అందింది, వాళ్లేం చేశారు అన్నది నమోదు కావాలి. ఆ రికార్డును పార్లమెంటు సభ్యుల కమిటీ ఒకటి మూసిన తలుపుల వెనకైనా తనిఖీ చేయాలి. మన నిఘా సంస్థలైన ఐబీ, ‘రా’లపై ఇప్పుడు అలాంటి పర్యవేక్షణ లేదు. రహస్యం బయటపడుతుందని అధికారులు అనొచ్చు. కబురు చెప్పిందెవరో దాచండి, తప్పులేదు. దాన్ని అందుకుని డ్రాయర్‌లో పడేసిన వారి పేరు కమిటీకి కూడా చెప్పకపోతే ఎలా?

— ఒక పాఠకుడు