షూరిటీ దగ్గర ఆగిపోయే బెయిలు పాఠాల్లో ఏదీ?

సంపాదకుడికి,

అయ్యా,

లా కోర్సులో చేరాలనుకుంటున్న మా మనుమరాలు నగరంలోని రెండు మూడు విశ్వవిద్యాలయాల సిలబస్‌లు తెచ్చి నాకు చూపించింది. నేరన్యాయం, దాని పక్కనే ‘సామాజిక న్యాయం’ అనే పేపరు ఉండటం చూసి సంతోషించాను. అయితే ముప్ఫై ఏళ్లు ఇక్కడి ఒక క్రిమినల్ కోర్టులో గుమస్తాగా పనిచేసినవాణ్ణి కనుక ఒక లోటు వెంటనే కనిపించింది: బెయిలు ఎప్పుడు ఇవ్వవచ్చో వాటిలో ఉంది గానీ, వచ్చిన బెయిలు పేదవాడికి ఎందుకు అక్కరకు రాదో లేదు.

చిన్న దొంగతనం కేసులో కొడుక్కి బెయిలొచ్చిందని తెలిసి వచ్చిన ఒక తల్లి నాకింకా గుర్తుంది. ఇద్దరు షూరిటీలు, అంటే కుర్రాడు వాయిదాలకు వస్తాడని పూచీ పడేవాళ్లు, కావాలంటే, ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు, అద్దె ఇంటి కరెంటు బిల్లు తీసి నా బల్ల మీద పరిచి, “ఇవి సరిపోవా సారూ?” అని అడిగింది. సరిపోవు. ఇంటిపన్ను రసీదో జీతం సర్టిఫికెట్టో ఉన్నవాళ్లు రావాలి. ఆమె ఎరిగినవాళ్లంతా అడ్డా కూలీలే. ఉత్తర్వు ఫైల్లోనూ కుర్రాడు జైల్లోనూ మూడు వారాలు ఉండిపోయారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి పదివేల షూరిటీ అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీని కాదన్నందుకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే తప్పుపట్టారు. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి పేదలకు ఉచిత న్యాయసాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి డెబ్బై అయిదుగురికి పైగా ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే అయినప్పుడు, ఆ ఏడు రోజుల సమాచారాన్ని పట్టుకుని జైలుకీ కోర్టుకీ బస్తీకీ తిరిగే మనుషులు కావాలి.

ఆ పని విద్యార్థులకు ఎందుకు అప్పగించకూడదు? న్యాయసేవాధికార సంస్థ పర్యవేక్షణలో ఒక్కొక్కరు ఒక్కో ఖైదీ బెయిలు ఫైలును విడుదలయ్యేదాకా వెంబడించాలి; దానికి మార్కులు ఉండాలి. ఖైదీల వివరాలు బయటికి పొక్కకుండా కట్టుబాటు ఎలాగూ తప్పదు. బస్సు కట్టుకుని చర్లపల్లి వెళ్లి, గేటు దగ్గర ఫొటో దిగి వచ్చే ‘జైలు సందర్శన’ మాత్రం దీనికి బదులు కాదు. దానికన్నా క్లాసులో కూర్చోవడమే నయం. సోషల్ వర్క్, సోషియాలజీ విద్యార్థులనూ ఇందులో కలుపుకుంటే బస్తీల్లో షూరిటీలను వెతకడం తేలికవుతుంది.

వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ ఖరారయ్యేలోగా నగర విశ్వవిద్యాలయాలు ఈ విషయం పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత కోర్టు ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్