అన్న ఫొటో కింద తమ్ముడి పేరు

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత నెల 22వ తేదీన మీ పత్రిక జిల్లా పేజీలో రంగస్థల, సినీ నటులు జె.వి.రమణమూర్తి గారి వర్ధంతి సందర్భంగా ఒక వార్త వేశారు. పేరు తమ్ముడిది, ఫొటో అన్నగారిది. నుదుట విభూతి రేఖలతో 'శంకరాభరణం' సినిమాలోని శంకరశాస్త్రి వేషంలో ఉన్న జె.వి.సోమయాజులు గారి బొమ్మ కింద రమణమూర్తి గారి పేరు అచ్చయింది. ఆరు వాక్యాల వార్తలో నాలుగు వాక్యాలు అన్నగారి గురించే నడిచాయి. చివరి వాక్యంలో మాత్రం ఈయన సోమయాజులు గారి సోదరుడిగా కూడా సుపరిచితులని రాసి ముగించారు. మరునాడు సవరణ వస్తుందనుకున్నాను. వారం గడిచాక, ఆదివారం సంచికలోనైనా రెండు ముక్కలు వేస్తారేమోనని చూశాను. ఇవాళ్టికి పన్నెండు రోజులైంది. ఇక ఆగలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఈ లోపల మీ స్థానిక కార్యాలయానికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "ఇద్దరూ ఒకే ఇంటివాళ్లే కదండీ, మాకు ఇంకెవరూ ఫోన్ చెయ్యలేదు" అన్నారు. మాట్లాడిన కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. ఈ జిల్లాలో ఎవరూ గుర్తుపట్టలేదు గనుక తప్పు తప్పు కాకుండా పోతుందన్న ఆ మాటే నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం వేషం కట్టిన మనిషిని గుర్తుపట్టలేని విజయనగరం ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

రమణమూర్తి గారు 1933 మే 20న శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. 2016 జూన్ 22న హైదరాబాదులో కన్నుమూశారు. ఈ రెండు తేదీల మధ్య ఆయన చేసిన పనిలో మీ వార్తకు ఎక్కవలసిన మొదటి సంగతి గురజాడ వారి 'కన్యాశుల్కం'. ఆ నాటకాన్ని 1892 ఆగస్టు 13న మొట్టమొదట ఆడింది ఈ ఊళ్లోనే, జగన్నాథ విలాసినీ సభ వారు. ఇప్పుడు అందరం చదువుకునేది మాత్రం 1909లో అచ్చయిన రెండో కూర్పు. ఏడు అంకాల ఆ నాటకాన్ని ఉన్నదున్నట్టు ఆడితే తెల్లవారిపోతుంది. ప్రేక్షకులను కూర్చోబెట్టగలిగేంత నిడివికి దాన్ని కుదించాలి. కుదించినా గురజాడ మాట చెడకూడదు, కథ తెగకూడదు, ఏ పాత్రకూ అన్యాయం జరగకూడదు. దర్శకుడిగా ఆ బరువు మోస్తూ, నటుడిగా గిరీశం వేషం కడుతూ నాలుగు దశాబ్దాల పాటు ఆ నాటకాన్ని ఊరూరా తిప్పినవారు రమణమూర్తి గారు. నాటకాల వాళ్లు ఆయనను అపర గిరీశం అని పిలుచుకున్నారు. మీ వార్తలో గిరీశం అన్న మాటే లేదు.

గిరీశం వేషం ఎంత కష్టమో నాటకం ఆడినవారికే తెలుస్తుంది. ఆ మనిషి మోసగాడు, పిరికివాడు, నోటినిండా ఇంగ్లీషు, చేతిలో చుట్ట. నటుడు కొంచెం ఎక్కువ చేస్తే బఫూనైపోతాడు, కొంచెం తక్కువ చేస్తే వట్టి దుర్మార్గుడిగా మిగిలిపోతాడు. జనం వాడిని చూసి నవ్వాలి, వాడి మాటకు పడిపోవాలి, ఇంటికి వెళ్లాక ఇలాంటివాడి మాటకు మనమెలా పడిపోయామా అని సిగ్గుపడాలి. రమణమూర్తి గారి సన్నని ఒడ్డూ పొడుగూ, చదువుకున్నవాడి నడకా, ఎక్కడా అరవని గొంతూ ఆ పాత్రకు సరిగ్గా అమరాయి. నేను కళాశాలలో చదువుకునే రోజుల్లో ఆయన నాటకం చూసినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన ప్రతి మాటనూ ఆయన కంటే అర క్షణం ముందు పెదవులతో పలుకుతూనే ఉన్నారు. నాటకమంతా కంఠతా వచ్చిన అలాంటి జనం ముందు ఒకే వేషాన్ని ఏళ్ల తరబడి కట్టి మెప్పించడం మామూలు విషయం కాదు.

అన్నదమ్ముల సంగతే రాయదలచుకుంటే రాయడానికి ఎంతో ఉంది. సోమయాజులు గారు అదే నాటకంలో రామప్పంతులు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు, ఇద్దరి పోటీ మధురవాణి కోసం! పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చినప్పుడు ఒకే మంచం కింద ఆ ఇద్దరూ దాక్కునే ఘట్టాన్ని సొంత అన్నదమ్ములు ఆడుతుంటే చూసిన తరం మాది. వాళ్లిద్దరినీ ఒకరికొకరు ఫొటోలు మార్చుకోదగినవాళ్లుగా మీరు చూపించారంటే, ఆ రెండు పాత్రలకూ మధ్య ఉన్న తేడాను వాళ్లు ఎంత శ్రమపడి నిలబెట్టారో రాసినవారికి తెలియదనే అనుకోవాలి.

సోమయాజులు గారి కీర్తిని నేను తక్కువ చేయడం లేదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ, నడివయసు దాటాక, 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఒక్క 'శంకరాభరణం' సినిమాతో ఆయన దేశమంతటికీ తెలిశారు. అది ఈ ప్రాంతానికే గర్వకారణం. అయితే ఆ నాటికి తమ్ముడు సినిమా రంగంలో 23 ఏళ్లుగా ఉన్నారు. కె.బి.తిలక్ దర్శకత్వంలో 1957లో వచ్చిన 'ఎమ్మెల్యే'తో ఆయన తెరకు పరిచయమయ్యారు. అందువల్ల ఆయనను సోమయాజులు సోదరుడిగా సినిమాల్లోకి వచ్చినట్టు ధ్వనించేలా రాయడం తేదీల లెక్కలోనే తప్పు. 1981లో వచ్చిన 'సప్తపది'లో అన్నదమ్ములిద్దరూ నటించారు. ఆ సినిమా ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు.

నూట యాభైకి పైగా సినిమాల్లో ఆయన క్యారెక్టర్ నటుడు. ఆ మాటకు మన పత్రికల్లో విలువ లేకుండా పోయింది గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. క్యారెక్టర్ నటుడికి సినిమాలో దక్కేది రెండు సన్నివేశాలో, నాలుగు సన్నివేశాలో. తండ్రి, బావ, వకీలు, డాక్టరు, మేష్టారు, ఇవే వేషాలు. తన కోసం ఎవరూ కథ రాయరు. హీరో ఎందుకు ఇల్లు వదిలాడో, హీరోయిన్ ఎందుకు ఏడుస్తోందో ప్రేక్షకుడికి నమ్మకం కలగాలంటే ఆ రెండు సన్నివేశాలూ ఈయనే మోయాలి. 1981లోనే వచ్చిన బాలచందర్ గారి 'ఆకలి రాజ్యం' చూడండి. ఉద్యోగం కోసం ఢిల్లీలో తిరిగే కొడుకు కథ అది. సంప్రదాయం వదలని తండ్రిగా రమణమూర్తి గారు కనిపించేది కొద్దిసేపే. కానీ క్షౌరశాలలో పనిచేస్తున్న కొడుకును చూసిన క్షణంలో ఆ ముఖాన కోపం లేదు, ఏడుపు లేదు. ఇన్నాళ్లూ తాను పట్టుకుని వేలాడిన పరువు ఎటు పోయిందో వెతుక్కుంటున్న ఒక మనిషి ఉన్నాడక్కడ. ఆ చూపు నాటకం నేర్పినది. నాలుగు వందల మంది ముందు మాట లేకుండా నిలబడడం తెలిసినవాడికే కెమెరా ముందు అలా నిలబడడం వస్తుందని నా నమ్మకం.

ఇది ఒక్కరి విషయంలో జరిగిన పొరపాటైతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఆమదాలవలసలో పుట్టిన శరత్‌బాబు గారు 2023 మే 22న పోయినప్పుడు తెలుగు, తమిళ, కన్నడ సినిమాల్లో ఆయన చేసిన పని గురించి కంటే ఆయన సొంత జీవితం గురించే ఎక్కువ చదివాము. ఉత్తమ సహాయ నటుడిగా మూడుసార్లు నంది అందుకున్న నటుడి విషయంలో జరిగింది అది. విజయనగరం జిల్లాకు చెందిన పి.జె.శర్మ గారి గొంతు ఎన్నెన్ని డబ్బింగు పాత్రలకు ప్రాణం పోసిందో ఎక్కడా సవ్యమైన జాబితా కనిపించదు. ఆయన ప్రస్తావన వస్తే సాయికుమార్ తండ్రి అని రాస్తారు. ఒకరు అన్నకు తమ్ముడు, ఒకరు కొడుకుకు తండ్రి. వాళ్ల పనికి వాళ్ల పేరు చాలదా? సినిమాల్లో మా ఉత్తరాంధ్ర యాసను నవ్వించడానికి వాడుకున్నంత తేలికగా, ఆ యాస విన్న నేల మీద పెరిగి అన్ని రకాల తెలుగూ పలకగలిగిన ఈ నటుల పేర్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తప్పు పత్రికలదే అని కూడా నేను అనడం లేదు. సభలు జరిపే అధికారులు ఫోన్‌లో మొదట కనిపించిన బొమ్మను తీసి ఫ్లెక్సీకి పంపుతారు, పత్రికవారు ఆ ఫ్లెక్సీని చూసి వార్త రాస్తారు, మరుసటి ఏడాది అధికారులు ఆ వార్తను చూసి మళ్లీ ఫ్లెక్సీ వేయిస్తారు. ఏటా సెప్టెంబరు 21న గురజాడ జయంతికి విగ్రహానికి పూలదండలు వేసి ప్రసంగాలు చేస్తారు, మంచిదే. ఆ రోజు సాయంత్రం ఆయన నాటకంలోని ఒక్క అంకమైనా సరైన వెలుతురులో, సరైన మైకుతో ఆడించడానికి ఖర్చెంతవుతుంది? పెళ్లిళ్లకూ పార్టీ సమావేశాలకూ తేలికగా దొరికే మందిరం నాటకం వాళ్లు అడిగితే మాత్రం దొరకదని నేను సొంత అనుభవంతో చెబుతున్నాను. రెండేళ్ల క్రితం మా కుర్రాళ్ల రిహార్సల్స్‌కు మూడు సాయంత్రాల కోసం ఒక కార్యాలయం చుట్టూ నెలరోజులు తిరిగి, చివరకు ఒక స్నేహితుడి డాబా మీద కానిచ్చుకున్నాము. నాటకం కళ్లెదుట లేనప్పుడు నటుడి ముఖం పత్రికలో పనిచేసే పాతికేళ్ల కుర్రవాడికి ఎలా తెలుస్తుంది?

నా విన్నపాలు రెండే. సవరణ వేయండి, మూలన రెండు వరుసలు కాకుండా వార్త వచ్చిన చోటే, అంతే స్థలంలో, సరైన ఫొటోతో వేయండి. రెండవది, ఆ నాటక ప్రదర్శనల్లో వేషాలు కట్టినవారు, తెరలు లాగినవారు, ప్రాంప్టింగు చెప్పినవారు విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో ఇంకా కొందరు ఉన్నారు. వారంతా డెబ్భై దాటినవారు. మీ విలేకరి ఒకరు వారానికి ఒక్కరి దగ్గర గంటసేపు కూర్చుని రాసుకున్నా చాలు. మా ఇళ్లల్లో పాత కరపత్రాలు, ఫొటోలు ఉన్నాయి. చెదలు పట్టకముందే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము.

ఈ లేఖతో పాటు నా దగ్గరున్న ఒక ఫొటో నకలు జతపరుస్తున్నాను. నాటకం అయిపోయాక తెర వెనుక తీసినది, కొంచెం మసకబారింది. కుడివైపు కుర్చీలో కూర్చున్నవారు సోమయాజులు గారు. ఎడమవైపు నిలబడి, ఇంకా వేషం తీయకుండా నవ్వుతున్నవారు రమణమూర్తి గారు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం