రామప్ప దారిలోని పాత పెంకుల చర్చిని కూల్చకుండా బాగుచేయించండి

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

రామప్ప గుడి నుంచి గణపురంలోని కాకతీయుల కాలపు ఆలయాలైన కోటగుళ్ల వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా, చెరువు కింది పొలాల అంచున ఉన్న మా ఊరి కథోలిక ప్రార్థనాలయం గురించి ఈ లేఖ రాస్తున్నాను. మా తాతల కాలంలో రాయీ మట్టీ కలిపి గోడలు లేపి, వాటికి డంగు సున్నం పూసి, టేకు వాసాల మీద బెంగుళూరు పెంకులు కప్పి కట్టిన చిన్న కట్టడం అది. క్రిస్మస్ నాడు సగం మంది బయట వేపచెట్టు కింద నిలబడే పూజలో పాల్గొంటారు. ఇప్పుడు కప్పు మూడు చోట్ల కురుస్తున్నది. సాయం కోసం వెళ్తే, పాతది తీసేసి స్లాబు వేసుకుంటేనే నిధులు వస్తాయని, మరమ్మతుకు పద్దు లేదని ఒక కార్యాలయంలో చెప్పారు. పాత కప్పును పాత పద్ధతిలోనే బాగుచేయించడానికి నిధులు ఇవ్వాలన్నదే మా విన్నపం.

స్లాబు కావాలనేవారు మా ఊళ్లోనూ ఉన్నారు, వారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కోతుల బెడద ఎంతటిదో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. మంద వచ్చి కప్పు మీద ఒక్కసారి దుంకితే చాలు, పెంకులు పగిలి, మర్నాటి వానకు నీళ్లు నేరుగా బలిపీఠం మీద పడతాయి. ఏటా వానలకు ముందు ఎక్కి పగిలినవి మార్చే పనివాళ్లూ ఇప్పుడు దొరకడం లేదు. ఊళ్లో చాలా ఇళ్లకు రేకులు వచ్చింది అందుకే. అయితే దీనికి మందు పెంకుల మీద ఇనుప జాలీ పరచడం, చెదలు పట్టిన వాసాలు మార్చడం, వాటితోపాటు నలుగురు కుర్రవాళ్లకు ఆ పని నేర్పించడం. స్లాబు ఖర్చులో చిన్న భాగంతోనే ఇదంతా అవుతుందని నా నమ్మకం.

మట్టి అడుసుతో లేపిన గోడలు కాంక్రీటు బరువును మోయలేవు కాబట్టి, స్లాబు అంటే కట్టడం మొత్తం పోవడమే. బరువు లెక్క ఈ నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపి, పైన గర్భగుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. కేంద్ర చట్టం ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అది ఉండవలసిన రక్షణే. మేము దానితో పోటీ పడటం లేదు. కానీ ఆ హద్దు దాటిన తరువాత పల్లెల్లో మిగిలిన పాత కట్టడాలను పట్టించుకునేవారు లేరు. 2017లో మన రాష్ట్రం చేసిన వారసత్వ చట్టం కింద వీటినీ పరిశీలించమని అడుగుతున్నాను.

1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి, ఏర్పడి, కాజీపేటలోని ఫాతిమా కెథడ్రల్ దానికి కేంద్రమైంది. ఇటలీలోని మిలాన్‌కు చెందిన పీమె అనే మిషనరీ సంస్థ గురువులు ఈ ప్రాంతంలో ఊరూరా తిరిగి పనిచేశారు. పెద్ద చర్చీల ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. ఉపదేశి, అంటే ప్రార్థనలు నేర్పే బోధకుడు, జపమాల చెప్పించి, పిల్లలకు అక్షరాలు కూడా దిద్దించిన ఇలాంటి చిన్న గుళ్లు మాత్రం ఒక్కొక్కటిగా పోతున్నాయి.

రామప్ప చూసినవారు చాలామంది అటు నుంచి అటే లక్నవరం వంతెనకు వెళ్లిపోతారు, కోటగుళ్ల దాకా వచ్చేవారు తక్కువ. వచ్చేవారికి మా ఊరి మలుపు దగ్గర తెలుగులో ఒక బోర్డు, ఆవరణలో శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటే ఒక గంట ఇక్కడ ఆగుతారు. చెరువు నిండి మత్తడి దుంకే రోజుల్లో కాలువ గట్టు మీద నుంచి కనిపించే పచ్చటి మడులు, ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టలాదివారం నాడు అదే గట్టున కోసుకున్న ఈత మట్టలు పట్టుకొని వచ్చే జనం, మేడారం జాతరకు పోతూ వేపచెట్టు కింద బండ్లు నిలిపి బోరింగు నీళ్లు తాగే కుటుంబాలు, ఇవన్నీ టికెట్టు లేకుండా చూడదగినవే. స్వాగత తోరణం, రంగు దీపాలు, సెల్ఫీ బొమ్మలు మాత్రం వద్దని మనవి. పర్యాటక అభివృద్ధి అనగానే అవే వస్తుండటం చూస్తున్నాం కనుక ముందే చెబుతున్నాను.

స్థలమూ కట్టడమూ మేత్రాసనానివి కనుక పీఠాధిపతి (బిషప్) గారి అనుమతి పత్రం తెచ్చే బాధ్యత మాది. పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరును ఒకరిని పంపి, గోడలూ వాసాలూ చూపించి, అంచనా తయారు చేయించవలసిందిగా కోరుతున్నాను. మృగశిర కార్తె వచ్చేలోగా కప్పు పని మొదలైతేనే ఈ వానాకాలం గోడలు నిలుస్తాయి.

ఇట్లు,
ములుగు ప్రాంత గ్రామస్థుడు